సింగనకుంటలో నాలుగు మిల్లీమీటర్లు

ఆ ఏడాది దేశం సగానికి సగం ఎండిపోతుంటే సింగనకుంట మండలంలో మాత్రం జూన్ మొదలుకొని రోజూ నాలుగు మిల్లీమీటర్ల వాన పడింది. పడుతున్న సంగతి సింగనకుంట వాళ్ళకు తెలియదు. ఢిల్లీకి తెలుసు.

ఊరికి ఈ సంగతి మోసుకొచ్చినవాడు ఓబులేసు. జూలై నెల పదిహేడో తేదీ పొద్దున గోవర్ధన శెట్టి మిల్లుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. శెట్టిది శనక్కాయలు ఒలిచే మిల్లు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళ కాయ ఆ మిల్లుకే రావాలి. అందుకే ఎదుటివాడు ఎవరైనా సరే శెట్టి కంటికి ముందు ఎకరాలుగా కనబడతాడు, తర్వాత మూటలుగా కనబడతాడు, ఆపైన తీరిక ఉంటే మనిషిగా కనబడతాడు. ఓబులేసు అంటే ఏడెకరాలు. ఏడెకరాలంటే, దేవుడు చల్లగా చూస్తే, అరవై మూటలు. ఆ అరవై మూటలూ నడిచేది ఒక జత ఎద్దుల కాళ్ళ మీద. ఆ జతనే ఆదివారం సంతకు తోలేస్తానని చెప్పడానికి వచ్చాడు ఓబులేసు. గడ్డివామి ఖాళీ అయి వారమైంది, పశువుల ముందర వేయడానికి గడ్డిపోచ లేదు, ఎద్దులను తోలేసి పిల్లలను తీసుకొని బెంగుళూరు పోతాడట.

శెట్టి మనసులో లెక్క గబగబా నడిచింది. ఓబులేసు కదిలితే వాళ్ళ వీధి కదులుతుంది. వీధి కదిలితే ఊరు. మండలంలో రెండు వందల పైచిలుకు జతలున్నాయి. అవన్నీ సంతదారి పడితే, రేపు ఆగస్టులో వాన పడినా విత్తే గొర్రు లాగడానికి ఎద్దు ఉండదు. సంక్రాంతి దాటేసరికి తన మిల్లులో ఒలవడానికి పావురాల రెట్ట తప్ప ఏమీ ఉండదు. కాస్త ఓపిక పట్టమన్నాడు. కరువు జాబితా ఇరవై ఐదో తేదీ దాకా తెరిచే ఉంటుంది కదా, మండలం పేరు అందులో ఎక్కితే సర్కారు గడ్డి లారీలు వస్తాయి, విత్తనం వస్తుంది అన్నాడు.

"లారీలు వస్తానే ఉండాయి శెట్టీ. మనూరి మీదుగానే పక్క మండలం దద్దనాలకు పోతాండాయి. మనకు లేదంట. మన మండలంలో దినామూ వాన పడతాందంట. తాసిల్దారే చెప్పినాడు. నేను ఇంట్లో లేనప్పుడు పడిందేమోనని మా ఆడామెను గూడా అడిగినా."

శెట్టి గోదాములో మిగిలిన శనక్కట్టె మేత నాలుగు మోపులు ఇచ్చి ఒక్క ఆదివారం గడువు తీసుకున్నాడు. తీసుకొని నేరుగా మండలాఫీసుకు నడిచాడు.

తాసిల్దారు విద్యాసాగర్ ఆ రోజు మంచి ఉషారుగా ఉన్నాడు. శెట్టిని కూర్చోబెట్టి కంప్యూటరు ఇటు తిప్పాడు. అది దేశ వర్ష పటం. రాష్ట్రాలకు రాష్ట్రాలు కాల్చిన పెనంలా ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు మధ్యలో పెసరగింజంత పచ్చచుక్క ఒకటి మెరుస్తోంది. అదే సింగనకుంట. ఢిల్లీలో పెద్దల సమావేశం ఎప్పుడు జరిగినా ముందుగా ఆ చుక్కనే చూపిస్తున్నారని, తనకు ప్రశంసాపత్రం కూడా రాబోతోందని తాసిల్దారు చెప్పుకొచ్చాడు.

శెట్టి కిటికీ వైపు చూపించాడు. బయట సుడిగాలి ఎర్రదుమ్మును లేపి మండలాఫీసు బోర్డును తుడుస్తోంది.

తాసిల్దారు కిటికీ వైపు చూడలేదు. "శెట్టిగారూ, వర్షపాత నిర్ధారణకు ప్రత్యక్ష దర్శనం ప్రాతిపదిక కాదు. కిటికీ ఆమోదిత పరికరాల జాబితాలో లేదు. ఆమోదిత పరికరం మీ మిల్లు ఆవరణలోనే ఉంది" అన్నాడు.

అది నిజమే. శెట్టి మిల్లు ఉన్న స్థలంలో ఒకప్పుడు తాలూకాఫీసు ఉండేది. ఆఫీసు కొత్త భవనంలోకి పోయాక స్థలాన్ని శెట్టి వేలంలో కొన్నాడు. ఆఫీసు వాళ్ళు బీరువాలు, బెంచీలు, గోడ గడియారం అన్నీ తీసుకుపోయారు గానీ వాన కొలిచే డబ్బాను మాత్రం వదిలేశారు. ముప్పై ఏళ్ళ కొలత ఒకే చోట జరిగింది కాబట్టి, ఆ డబ్బాను అంగుళం కూడా జరపరాదని పైనుంచి ఉత్తర్వు. కాబట్టి మిల్లు కళ్ళం నడిబొడ్డున, మూడడుగుల సర్కారు నేలలో, మోకాలెత్తు డబ్బా ఒకటి నోరు తెరుచుకొని ఉంటుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు బంట్రోతు దస్తగిరి కొలజాడీ పట్టుకొని వస్తాడు. లోపల ఉన్నది వంచుకుంటాడు, చూస్తాడు, రాసుకుంటాడు. ఆ అంకె పది గంటలకల్లా ఢిల్లీ చేరుతుంది.

ఆ సాయంత్రం శెట్టి మంచం వేయించుకొని కళ్ళంలో కూర్చున్నాడు. మామూలుగా ఆ వేళకు ఆయన లోపల ఉంటాడు. ఒలవబోయే కాయను ముందురోజు సాయంత్రమే నీళ్ళు చిలకరించి మెత్తబరచాలి. లేకపోతే మిషన్లో గింజ పగిలిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ పని షెడ్డులో జరిగేది. మొన్న మే నెలాఖరు గాలివానకు రేకులు లేచిపోయి పక్క ఊరి పొలంలో పడటంతో ఈ ఏడు కాయను కళ్ళంలోనే పోసి తడుపుతున్నారు. నాగసుబ్బమ్మ తడుపుతుంది. ఆమె చేతికి పీనాసితనం తెలియదు. చిల్లుల డబ్బా పట్టుకొని ఇటు నుంచి అటు ఒక్క విసురు విసిరితే నీళ్ళు కాయ మీద సగం, కళ్ళం మీద పావు, మిగతా పావు సర్కారు డబ్బాలో.

శెట్టి మంచం మీద నుంచి లేవకుండానే అంతా లెక్కకట్టాడు. మండలంలో పడిన మొత్తం వాన నాగసుబ్బమ్మ మోచేతి నుంచి పడింది.

సంగతి చెబితే ఆమె డబ్బా కింద పెట్టి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కూలి మాత్రం ఒక్క మనిషికే ఇస్తున్నారు కదా అంది.

మర్నాడు దస్తగిరిని పట్టుకున్నాడు శెట్టి. దస్తగిరి ఇరవై ఆరేళ్ళుగా ఒక్కరోజూ తప్పకుండా వచ్చినవాడు. ఒక్క అంకె తప్పు రాయనివాడు. పైన చుక్క మబ్బు లేకుండా డబ్బాలోకి నీళ్ళు ఎక్కడివని ఎప్పుడైనా అనుమానం రాలేదా అని అడిగితే అతను నొచ్చుకున్నాడు.

"వచ్చింది శెట్టీ. ఎందుకు రాదు? కానీ నా పని పైకి చూసేది కాదు, జాడీలోకి చూసేది. ఎంత పడిందో రాసేదానికి పుస్తకంలో గడి ఉంది. యాడనుంచి పడిందో రాసేదానికి గడి లేదు."

ఆ రోజు నుంచే శెట్టి కాయను మిల్లు వెనక్కి మార్పించాడు. డబ్బా ఎండింది. మూడు రోజులు వరసగా సున్నా, సున్నా, సున్నా. సున్నాలు చూసి ఢిల్లీ కళ్ళు తెరుస్తుందని, జాబితా మూసేలోగా పేరు ఎక్కుతుందని శెట్టి లెక్క.

ఢిల్లీ నిజంగానే కళ్ళు తెరిచింది. నాలుగో రోజున తాసిల్దారుకు తాఖీదు వచ్చింది. సింగనకుంటలో వాన ఎందుకు ఆగిందో, దానికి బాధ్యులెవరో ఇరవై నాలుగు గంటల్లో వివరణ ఇవ్వాలి. ఆ వెనకే రెండు కార్లు కూడా వచ్చాయి. ముందు కారులో నుంచి దిగింది కరువు పర్యవేక్షణ సంస్థ అదనపు సంచాలకుడు భార్గవ. మనవాడే, గుంటూరు వైపు పుట్టినవాడు. కాని చాలా ఏళ్ళుగా ఫైళ్ళలో ఉన్నందువల్ల మాట కూడా ఫైలులాగే తయారైంది.

ఆయన డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఫొటోలు తీయించాడు. ఎండిన డబ్బా అడుగున వేలు పెట్టి చూసి నిట్టూర్చాడు. ఇక దాచి లాభం లేదని శెట్టి చేతులు కట్టుకొని జరిగినదంతా చెప్పేశాడు. రేకులు లేచిపోవడం, కాయ తడపడం, నాగసుబ్బమ్మ విసురు, ఏదీ దాచలేదు. తప్పు తనదే, ఏ శిక్ష వేసినా సరే, ఆ రోజువారీ నాలుగూ కొట్టేసి మండలాన్ని కరువులో చేర్చమని అడిగాడు.

భార్గవ ఫైలు తెరిచి అంకెలన్నీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత శెట్టి తప్పు చేశాడని గానీ చేయలేదని గానీ అనకుండా, నమోదైన వర్షాన్ని ఉపసంహరించే నిబంధన దేశంలో లేదని వివరించాడు. ఆ అంకెల మీద ఇప్పటికే మూడు నివేదికలు వెలువడ్డాయి. ఎరుపులో పచ్చచుక్క ఎలా నిలిచిందన్న దాని మీద ఇద్దరు పరిశోధకులకు పట్టాలు కూడా ఖాయమయ్యాయి. పడిన వాన పడినట్టే. మరి ఇకముందు సంగతి ఏమిటంటే, ధోరణి తెగిపోకూడదు.

"ధోరణి అంటే ఏంది సార్?"

"ప్రవాహం. నలభై ఎనిమిది రోజులు నాలుగు, ఆపైన హఠాత్తుగా సున్నా. ఇది శాస్త్రీయంగా సమర్థనీయం కాదు. పరిస్థితి స్థిరపడేవరకు మీరు యథాపూర్వం చల్లండి."

శెట్టి నలభై ఏళ్ళుగా బేరాలాడినవాడు. కాగితం మీద లేని మాట ఎంతకు చెల్లుతుందో ఆయనకు తెలుసు. వినయంగా లిఖితపూర్వకంగా ఇప్పించమన్నాడు. భార్గవ అక్కడే, కారు బానెట్ మీద పెట్టి, ఉత్తర్వు రాయించాడు. దత్తాంశ నిరంతరత నిమిత్తం సదరు మిల్లు యజమాని సదరు పరికరంలో ప్రతిదినం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గకుండా జలసేచనం గావించవలెను.

శెట్టి ఉత్తర్వును రెండుసార్లు చదివాడు. వ్యాపారి కాగితం చదివేటప్పుడు ఉన్న మాటలు ఒకసారి, లేని మాటలు ఒకసారి చదువుతాడు.

"తగ్గకుండా అన్నారు సార్. ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఎక్కువ నమోదవుతుంది. కనిష్ఠం మేము నిర్ణయించాం. గరిష్ఠం ప్రకృతి నిర్ణయిస్తుంది."

"ప్రకృతి అంటే ఇప్పుడు నేనే గదా సార్?"

భార్గవ తల ఎత్తకుండా సంతకం పెడుతూ, "ప్రస్తుతానికి" అన్నాడు.

కార్లు వెళ్ళిపోయాయి. మూడు రోజులకు కరువు జాబితా మూసేశారు. అందులో సింగనకుంట లేదు. ఓబులేసు దగ్గర కొన్న ఆదివారం కూడా దాటిపోయింది, శనక్కట్టె అయిపోయింది. ఎద్దులకు తలుగుతాళ్ళు పేని పెట్టుకున్నానని, వచ్చే ఆదివారం ఇక ఆగేది లేదని కబురు పంపాడు.

శెట్టి ఉత్తర్వు జేబులో పెట్టుకొని మళ్ళీ తాసిల్దారు దగ్గరికి పోయాడు. ఈసారి కరువు గురించి అడగలేదు. మూయని జాబితాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. తాసిల్దారు వెతికి చూసి ఒకటుందన్నాడు. వరద జాబితా. అది ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. ఒక్కరోజులో నూట ఇరవై మిల్లీమీటర్లు దాటితే చాలు, ఎవరూ దరఖాస్తు పెట్టనక్కర్లేదు, ఎవరూ వచ్చి చూడనక్కర్లేదు, అన్నీ వాటంతటవే కదులుతాయి. పశువులను మెరక మీదికి చేర్చి పది రోజులు మేత పెడతారు. కొట్టుకుపోయిన విత్తనానికి బదులు విత్తనం ఇస్తారు.

ఇంటికి వచ్చి శెట్టి నూనె కొలిచే లీటరు చెంబు తీశాడు. సర్కారు డబ్బా నోటిని మూరతాడుతో కొలిచాడు. లీటరు నీళ్ళు పోస్తే యాభై మిల్లీమీటర్లు. రెండున్నర లీటర్లు పోస్తే నూట ఇరవై ఐదు. సింగనకుంట మండలంలో ముప్పై ఊళ్ళు, రెండు వాగులు, ఒక కొండ. అన్నిటినీ ముంచడానికి రెండున్నర లీటర్లు. ఎద్దు ఒక్కటి రోజుకు తాగేదాంట్లో పదోవంతు కూడా కాదు.

నాగసుబ్బమ్మను పిలిచి సేచనం గావించమన్నాడు. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు గానీ చెంబు అర్థమైంది. రెండున్నర పోసింది. తర్వాత, చేతి అలవాటు పోదు కదా, బిందె అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ కూడా అందులోనే దులిపేసింది.

పొద్దున దస్తగిరి జాడీ ఒకసారి నింపాడు, రెండోసారి నింపాడు. అలా ఎన్నిసార్లు నింపాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చివరికి డబ్బా పక్కన చతికిలబడ్డాడు. నూట ముప్పై ఒకటి. ఇరవై ఆరేళ్ళలో అంత అంకె రాయలేదు. రాయమంటావా అన్నట్టు శెట్టి వైపు చూశాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు శెట్టి.

మధ్యాహ్నానికి దేశ వర్ష పటంలో పచ్చచుక్క నీలం అయింది. సాయంత్రానికి దద్దనాల దారిలో కొండంత దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి లారీలు, లారీల మీద పడవలు వచ్చాయి. మొత్తం ఏడు పడవలు. రక్షణ దళం మనుషులు నారింజరంగు తేలుడు చొక్కాలు తొడుక్కొని చెమటలు కక్కుతూ దిగారు. దళనాయకుడు దాహంగా ఉందని మంచినీళ్ళు అడిగి, తాగి, తర్వాత వరద ఎక్కడుందని అడిగాడు.

తాసిల్దారు విద్యాసాగర్ అప్పటికి రెండు గంటలుగా ఈ ప్రశ్న కోసమే తయారవుతున్నాడు. ఢిల్లీతో మాట్లాడి తెచ్చుకున్న జవాబు చదివాడు. ఇది తీవ్ర శోషణతో కూడిన అంతర్గత వరద. నీరు కంటికి కనబడటానికి ముందే భూమిలోకి ఇంకిపోతుంది కాబట్టి మామూలు వరద కంటే ప్రమాదకరం. దళనాయకుడు క్రమశిక్షణ గలవాడు. ఏడు పడవలనూ ఎండిన చెరువులో దించి, కొట్టుకుపోకుండా గూటాలు పాతి కట్టేశాడు.

ఊరి వెనక గుట్ట మీద పశువుల శిబిరం వెలిసింది. గడ్డి లారీలు, వాటి వెనకే విత్తనం లారీలు వరసగా ఎక్కాయి. ఓబులేసు ఎద్దులు మొదటి రోజు గడ్డిని నమ్మలేదు, వాసన చూసి వదిలేశాయి. రెండో రోజు నుంచి తల ఎత్తలేదు. మండలంలో ఉన్న రెండు వందల పద్నాలుగు జతలూ గుట్ట మీదే ఉన్నాయి. ఆదివారం సంతకు సింగనకుంట నుంచి ఒక్క డెక్క కదలలేదు.

శెట్టి గుట్ట మీదికి వెళ్ళినప్పుడు ఓబులేసు బీడీ వెలిగించుకొని పక్కకు వచ్చాడు.

"ఈ వరద ఎన్నాళ్ళు ఉంటాది శెట్టీ?"

"పది దినాలు."

"నువ్వు చెప్తే ఇంగొక పది దినాలు పొడిగించరా?"

శెట్టి మనసులో రోజుల లెక్క నడిచింది. గడువు పదో రోజుతో ముగుస్తుంది. ఆగస్టు పదిహేను దాటితే శనక్కాయ విత్తడానికి లేదు. మధ్యలో నిజం వాన ఒక్కటి రావాలి. దాన్ని తెప్పించే ఉత్తర్వు మాత్రం ఆయన జేబులో లేదు.

అది ఏడో రోజున వచ్చింది. పడమటి దిక్కున మధ్యాహ్నం నల్లగా కమ్ముకొని, గంటన్నరసేపు, గుట్ట మీద డేరాలు పీక్కుపోయేటట్టు కొట్టింది. ఎవరూ డేరాల్లోకి పోలేదు. అందరూ బయట నిలబడి తడిశారు. పడవలకు కాపలా ఉన్నవాళ్ళు మాత్రం వానకు భయపడి ఒడ్డెక్కారు.

మర్నాడు దస్తగిరి ఉరుకుతూ ఆఫీసుకు వెళ్ళాడు. నలభై రెండు మిల్లీమీటర్లు, పైనుంచే పడింది, తాను కళ్ళారా చూశానన్నాడు. తాసిల్దారు తల పట్టుకున్నాడు. వర్షాలు పూర్తిగా నిలిచాయని, ముంపు తగ్గుముఖం పట్టిందని నిన్న పదకొండుకే ఢిల్లీకి రాసి పంపాడు. భార్గవ ఆ ముక్కను పెద్దల ముందు చదివేశాడు కూడా. ఇప్పుడు కొత్తగా వాన అంటే ఆ నివేదిక అబద్ధమవుతుంది.

"ఈ వానకు నా దగ్గర చోటు లేదు దస్తగిరీ. సున్నా వేయి."

దస్తగిరి వేయలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు. సున్నా తాసిల్దారే వేసుకున్నాడు.

ఈలోగా గుట్ట మీద ఇంకొక ముంపు వచ్చిపడింది. తడిసిన నేలలో విత్తడానికి తగిన పదును రెండు రోజులే నిలుస్తుంది. తెల్లవారేసరికి గుట్ట మీద గూటాలు మిగిలాయి, ఎద్దులు లేవు, మనుషులు లేరు. వరద విత్తనం మూటలూ లేవు. వరద తీసేదాకా, అంటే ఇంకా రెండు రోజులు, ఎవరూ శిబిరం దాటకూడదని నిబంధన. ముంపు ప్రాంతంలో హాజరుకు పలకనివాడు గల్లంతు కింద లెక్క. ఎనిమిది గంటల హాజరులో రెండు వందల పద్నాలుగు మంది రైతులు, నాలుగు వందల ఇరవై ఎనిమిది ఎద్దులు గల్లంతయ్యాయి. వెతికి రక్షించాలి, లేదా సాయంత్రంలోగా మృతుల జాబితా పంపాలి అని ఢిల్లీ నుంచి ఆదేశం వచ్చింది.

దళనాయకుడు నిజంగానే కలవరపడ్డాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క రోజులో అంతమందిని ఆయన పోగొట్టుకోలేదు. ఎవరి చేను ఎక్కడుందో తెలిసినవాడు శెట్టి ఒక్కడే అని ఎవరో చెబితే, ఆయనను జీపులో కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. జీపు బురదలో దిగబడింది. అక్కడి నుంచి చొక్కాలు, తాళ్ళు భుజాన వేసుకొని గట్ల మీద నడిచారు.

ముందు తగిలింది ఓబులేసు చేను. ఓబులేసు గొర్రు తోలుతున్నాడు. అతని పెళ్ళాం వెనకే వంగి గింజలు వదులుతోంది. దళనాయకుడు ఎర్రబురదలో బూట్లు ఈడ్చుకుంటూ పరుగున వెళ్ళి పక్కన నడిచాడు. తాము కాపాడటానికి వచ్చామని, భయపడవద్దని, ఈ చొక్కా తొడుక్కొని ఒక్క ఫొటోకు నిలబడి, బతికే ఉన్నట్టు ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలని బతిమాలాడు. లేదంటే సాయంత్రానికి చచ్చినవాళ్ళలో రాయాల్సి వస్తుందన్నాడు.

ఓబులేసు ఎద్దులను ఆపలేదు. చొక్కా వైపు ఒకసారి చూశాడు.

"ఇప్పుడు కాదు సారూ, పదును పోతాంది. ఈ సాలు ఆ గట్టు దాకా పోయొస్తా. అంతలోపల పక్క చేనోళ్ళను రక్షించుకోపోండి."